అంబేద్కర్ విదేశ విద్యాయాత్ర

1913వ సంవత్సరం జూలై మూడో వారం. న్యూయార్క్ రేవులో ఓడ దిగిన ప్రయాణికులలో ఇరవై రెండేళ్ళ భారతీయ యువకుడు ఒకరున్నారు. ఆయన పేరు భీమ్‌రావ్ రాంజీ అంబేద్కర్. కొలంబియా విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం చదవడానికి వచ్చారు. తండ్రి మరణించి ఆరు నెలలైనా కాలేదు. భార్య, ఏడాదైనా నిండని కుమారుడు స్వదేశంలో ఉన్నారు. ఆయన చేతిలో ఉన్నది నెలకు 11.5 పౌండ్లు ఇస్తామన్న బరోడా సంస్థానం వారి హామీ. వెనుక ఉన్నది, చదువు ముగిశాక పదేళ్ళపాటు ఆ సంస్థానంలోనే కొలువు చేస్తానని తాను సంతకం చేసి ఇచ్చిన ఒప్పందం.

రాజ్యాంగ రచనా సంఘానికి అధ్యక్షులుగా, అస్పృశ్యతపై పోరాడిన నాయకులుగా అంబేద్కర్‌ను ఎరుగనివారు లేరు. అయితే ఆయన చదువు కోసం రెండు పర్యాయాలు సముద్రం దాటిన తీరు, అందుకు కావలసిన సొమ్మును కూడబెట్టుకొన్న విధం చాలామందికి తెలియవు. పుట్టుకతో వచ్చిన ఆస్తి ఏదీ లేనివాడు న్యూయార్క్, లండన్ నగరాలలో చదువుకొని రావడం ఎట్లా సాధ్యమైంది? ఈ పాఠంలో మనం చూడబోయేది ఆ విషయాన్నే.

అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న మధ్య భారతంలోని మౌ అనే సైనిక స్థావరంలో జన్మించారు. తల్లిదండ్రులు భీమాబాయి, రాంజీ సక్పాల్. వారి పదునాలుగో సంతానం ఆయన. మహర్ కులానికి చెందిన ఆ కుటుంబాన్ని నాటి సమాజం అంటరానిదిగా చూసింది. రాంజీ సైన్యంలో సుబేదారుగా పనిచేసి పింఛను పుచ్చుకొన్నవారు. చదువు విలువ తెలిసినవారు. బొంబాయి పరేల్‌లో ఒకే ఒక గదిలో కాపురం. ఇల్లు సద్దుమణగదు కనుక తండ్రి తెల్లవారుజామున రెండు గంటలకు కొడుకును లేపి చదవడానికి కూర్చోబెట్టేవారు. కొడుకు ఏదైనా పుస్తకం కావాలని అడిగితే, చేతిలో పైకం లేకపోయినా లేదనేవారు కాదు. పెళ్ళయిన కూతుళ్ళ ఇళ్ళకు వెళ్ళి వారి దగ్గర డబ్బో, లేకుంటే ఒంటిమీది నగో అడిగి తెచ్చేవారు. ఆ నగను కుదువపెట్టి పుస్తకం కొని, పింఛను రాగానే విడిపించి తిరిగి ఇచ్చేవారు. విద్య కోసం అప్పు చేయడం, ఆ అప్పును తీర్చడం అంబేద్కర్ బాల్యంలోనే కళ్ళారా చూశారు.

1907లో ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు నుంచి మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులయ్యారు. ఆ సందర్భంగా జరిగిన అభినందన సభలో కృష్ణాజీ అర్జున్ కేలుస్కర్ అనే ఉపాధ్యాయుడు తాను రచించిన బుద్ధచరిత్రను ఆయనకు కానుకగా ఇచ్చారు. ఇంటర్మీడియట్ తరువాత ఇంటి పరిస్థితి చదువును ముందుకు సాగనిచ్చేట్లు లేదు. అప్పుడు ఆ కేలుస్కర్ గారే ఆయనను బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ వద్దకు తీసుకువెళ్ళారు. మహారాజు యువకుణ్ణి ప్రశ్నించి, సంతృప్తి చెంది, నెలకు 25 రూపాయల ఉపకార వేతనం మంజూరు చేశారు. ఆ సహాయంతో బి.ఏ. పూర్తయింది. 1913 జనవరిలో బరోడా కొలువులో చేరారో లేదో, తండ్రికి జబ్బుగా ఉందన్న కబురు వచ్చింది. ఫిబ్రవరి 2న రాంజీ కన్నుమూశారు.

ఆ దుఃఖంలో ఉండగానే మరొక ద్వారం తెరుచుకొంది. బరోడా సంస్థానం కొందరు విద్యార్థులను ఉన్నత విద్యకై అమెరికా పంపదలచిందని తెలిసి అంబేద్కర్ దరఖాస్తు చేశారు, ఎంపికయ్యారు. 1913 జూన్ 4న బరోడాలో ఒప్పందపత్రంపై సంతకం చేశారు. జూన్ 15 నుంచి మూడేళ్ళు ఉపకార వేతనం, ఆ తరువాత పదేళ్ళు సంస్థాన సేవ. ఇవీ దాని ప్రధాన షరతులు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. సముద్రం దాటితే కులం చెడుతుందని ఆ రోజుల్లో అగ్రవర్ణాల ఇళ్ళలో పెద్ద చర్చ నడిచేది. విదేశాలకు వెళ్ళివచ్చినవారికి ప్రాయశ్చిత్తాలు, వెలివేతలు తప్పేవి కావు. అంబేద్కర్‌కు ఆ బెడద లేదు. సమాజం ఆయనను ముందే వెలివేసింది! ఆయనకు అడ్డుగా నిలిచినది శాస్త్రం కాదు, డబ్బు. పైకం ఉన్నవారికి నిషేధం, నిషేధం లేనివారికి దారిద్ర్యం. సముద్రం మాత్రం ఇద్దరికీ ఒకటే.

11.5 పౌండ్లంటే నాటి మారకం రేటు ప్రకారం సుమారు 56 డాలర్లు. న్యూయార్క్ వంటి నగరంలో అది విలాసాలకు చాలే మొత్తం కాదు. అందులోనే కొంత మిగిల్చి ఇంటికి పంపవలసిన బాధ్యత కూడా ఉంది. తొలుత ఆయన విశ్వవిద్యాలయ వసతిగృహమైన హార్ట్‌లీ హాల్‌లో దిగారు. అక్కడి భోజనం సహించలేదు. కొద్దికాలానికే మకాం మార్చి, చివరకు లివింగ్‌స్టన్ హాల్‌లో నావల్ భథేనా అనే పార్శీ యువకుడితో కలిసి ఉన్నారు. ఈ భథేనా పేరును గుర్తుంచుకోవాలి. అంబేద్కర్ జీవితంలో డబ్బు అక్కర అత్యంత తీవ్రమైన ప్రతిసారీ ఈ పేరు మళ్ళీ వస్తుంది.

కొలంబియాలో అంబేద్కర్‌కు ఒక కొత్త అనుభవం ఎదురైంది. తోటివారితో సమానంగా ఒకే బల్ల దగ్గర కూర్చొని భోంచేయడం, ఎవరూ కులం అడగకపోవడం ఆయన ఎన్నడూ ఎరుగని సంగతులు. ఆ స్వేచ్ఛను ఆయన వినోదాలకు వినియోగించలేదు. తనకు దొరికిన మూడేళ్ళు మళ్ళీ దొరకవని ఆయనకు తెలుసు. రోజుకు పదునెనిమిది గంటల వరకు చదివేవారు. అర్థశాస్త్రంతోపాటు సమాజశాస్త్రం, చరిత్ర, మానవశాస్త్రం, తత్త్వశాస్త్రం అభ్యసించారు. సెలిగ్మన్, జాన్ డ్యూయీ వంటి ఆచార్యుల బోధన విన్నారు. తిండి మీద, బట్టల మీద మిగిల్చిన డబ్బంతా పాత పుస్తకాల దుకాణాలకు చేరింది. అట్లా కొన్న పుస్తకాలు సుమారు 2000. 1915లో ఎం.ఏ. పట్టం లభించింది. 1916 మేలో భారతదేశంలోని కులవ్యవస్థ పుట్టుకపై ఒక సదస్సులో పరిశోధన పత్రం చదివారు. జూన్ నాటికి డాక్టరేటు కోసం సిద్ధాంత వ్యాసం సమర్పించారు.

అమెరికాలో చదువు ముగియగానే స్వదేశానికి ఓడ ఎక్కి ఉంటే కథ అక్కడితో సుఖాంతమయ్యేది. ఆయన లండన్ వెళ్ళారు. 1916 అక్టోబరులో న్యాయవాద విద్యకై గ్రేస్ ఇన్‌లోను, అర్థశాస్త్ర పరిశోధనకై లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోను చేరారు. కాని ఏడాది తిరగకముందే, ఉపకార వేతనం గడువు తీరిందనీ, వచ్చి కొలువులో చేరాలనీ బరోడా దివాను కబురు చేశారు. చేసేదిలేక అంబేద్కర్ ప్రయాణానికి సిద్ధమయ్యారు. అయితే వెళ్ళేముందు ఒక పని చేశారు. ఆచార్య ఎడ్విన్ కానన్ సహాయంతో, 1917 అక్టోబరు నుంచి నాలుగేళ్ళలోగా తిరిగివచ్చి చదువు కొనసాగించడానికి విశ్వవిద్యాలయం నుంచి అనుమతి పొందారు. చేతిలో చిల్లిగవ్వ లేనివాడు నాలుగేళ్ళలో మళ్ళీ వస్తానని అనుమతి తీసుకోవడం చూసినవారికి అతిశయంగానే తోచి ఉంటుంది.

అది మొదటి ప్రపంచ యుద్ధకాలం. జర్మనీ జలాంతర్గాములు ఓడలను ముంచివేస్తున్నాయి. అంబేద్కర్ రైలులో ఫ్రాన్సులోని మార్సెయిల్స్ రేవుకు చేరి, అక్కడ కైజర్-ఇ-హింద్ అనే ఓడ ఎక్కారు. సామాను, పుస్తకాలను థామస్ కుక్ కంపెనీ ద్వారా వేరే ఓడలో పంపారు. ఆ రెండో ఓడ టార్పెడో దెబ్బకు మునిగిపోయింది. ఓడ మునిగిందన్న వార్త తెలిసి ఇంట్లోవారు ఆయన క్షేమం గురించి తల్లడిల్లిపోయారు. 1917 ఆగస్టు 21న ఆయన బొంబాయి చేరారు. మనిషి దక్కాడు, సామాను పోయింది. నష్టపరిహారంగా కంపెనీ వారు 600 రూపాయలు చెల్లించారు. బరోడా వెళ్ళి కొలువులో చేరడానికి దారిఖర్చు కూడా లేక ఎదురుచూస్తున్న అంబేద్కర్‌కు ఆ సొమ్మే ఆధారమైంది. కొంత ఇంట్లో ఇచ్చి, మిగిలినదానితో బరోడా రైలెక్కారు. పోయిన పుస్తకాల విలువ ఆయనను పది కాలాలు బాధించేదే. అయినా ఆ రోజున ఇల్లు గడిచింది ఆ పుస్తకాల వెల మీదనే.

బరోడాలో జరిగినది క్లుప్తంగా చెప్పుకొంటే చాలు. కొలంబియాలో చదివి వచ్చిన అధికారికి కార్యాలయంలో మంచినీళ్ళు ఇచ్చేవారు లేరు. కింది ఉద్యోగులు దస్త్రాలను అంటకుండా దూరం నుంచి బల్లమీదికి విసిరేవారు. ఊళ్ళో ఇల్లు అద్దెకు దొరకలేదు. ఒక పార్శీ సత్రంలో తలదాచుకొంటే, కొందరు కర్రలతో వచ్చి గది ఖాళీ చేయించారు. ఉండడానికి చోటు లేని ఊళ్ళో పదేళ్ళు ఎట్లా కొలువు చేయగలరు? కొన్ని నెలలైనా గడవకుండానే ఆయన బొంబాయి తిరిగి వచ్చేశారు. ఒప్పందాన్ని నెరవేర్చనివ్వనిది ఆ సంస్థానంలోని మనుషులే. మాట తప్పినవాడన్న భారం మాత్రం అంబేద్కర్ మీద పడింది.

ఇక నాలుగేళ్ళ గడువు ఒక వైపు కరిగిపోతూ ఉంది. ఆయన విద్యార్థులకు పాఠాలు చెప్పారు. వాటాల వ్యాపారంలో సలహాలిచ్చే సంస్థను ప్రారంభించారు. సలహాదారు కులం తెలియగానే వచ్చేవారు రావడం మానేశారు. 1918 నవంబరులో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్య పదవి లభించింది. అది తాత్కాలికమైన ఉద్యోగమే, కాని జీతం నెలకు 450 రూపాయలు. ఆ రోజుల్లో అది పెద్ద మొత్తం. ఆ జీతంతో మంచి ఇంటికి మారి ఉండవచ్చు. ఆయన మారలేదు. పరేల్‌లోని కార్మిక వాడలోనే రెండు గదుల ఇంట్లో ఉంటూ, నెలనెలా రమాబాయి చేతికి ఇంటి ఖర్చు ఇచ్చి, మిగిలినది లండన్ కోసం దాచారు. రమాబాయి ఆ కొద్దిపాటి సొమ్ముతోనే సంసారం నడిపారు. ఆ పొదుపులో సగం ఆమెదని చెప్పడం అతిశయోక్తి కాదు.

1920 మార్చిలో ఉద్యోగానికి రాజీనామా చేశారు. దాచిన సొమ్ము చాలదు. కొల్హాపూర్ సంస్థానాధీశుడు శాహూ మహారాజు కొంత సాయపడ్డారు. న్యూయార్క్ మిత్రుడు నావల్ భథేనా 5000 రూపాయలు అప్పు ఇచ్చారు. జూలైలో ఓడ ఎక్కారు. గడువుకు ఏడాది ముందే, సెప్టెంబరు నాటికి లండన్‌లో తన చదువును తిరిగి ప్రారంభించారు. మొదటి ప్రయాణం ఒక మహారాజు ఔదార్యంతో జరిగింది. రెండవది సొంత పొదుపుతోను, మిత్రుడి నమ్మకంతోను జరిగింది. అందువల్ల కాబోలు, ఈసారి ఆయన తన ప్రతి పెన్నీకీ తానే కఠినమైన కాపలాదారు అయ్యారు.

లండన్‌లో ఆయన బస చేసిన ఇంటి యజమానురాలు పరమ లోభి. ఉదయం ఒక రొట్టెముక్క, కాస్త చేప, ఒక కప్పు తేనీరు. అది ముగించి బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయానికి బయలుదేరేవారు. బండి ఖర్చు కలిసివస్తుందని వీలైనంతవరకు నడిచే వెళ్ళేవారు. సాయంత్రం ఐదు గంటలకు గ్రంథాలయం మూసేదాకా అక్కడే. మధ్యాహ్న భోజనం లేదు. అందుకు డబ్బూ లేదు, సమయమూ లేదు. రాత్రికి ఇంట్లో పెట్టేది మాంససారం కలిపిన ఒక కప్పు వేడినీరు, కొన్ని బిస్కట్లు. మళ్ళీ చదువు. పది గంటలయ్యేసరికి కడుపులో ఆకలి మండేది. పరిచయస్థులైన ఒక గుజరాతీ ఆయనకు ఒక కట్ట అప్పడాలు ఇచ్చారు. వాటిలో నాలుగింటిని రేకుపళ్ళెం మీద కాల్చుకొని, ఒక కప్పు పాలతో తినేవారు. ఆ తరువాత తెల్లవారేవరకు పుస్తకాలే. బారిస్టరు కాదలచినవారు తమ ఇన్‌లో నిర్ణీత సంఖ్యలో విందు భోజనాలకు హాజరు కావాలన్న నియమం మరొకటి ఉంది. ఖర్చు లేకుండా చదవాలనుకొనే విద్యార్థికి అన్నం కూడా ఒక రుసుమే అయింది.

ఎంత పొదుపు చేసినా ఆయన అదుపులో లేనిది ఒకటుంది. అది రూపాయి విలువ. 1920 తొలి నెలల్లో రూపాయి రెండు షిల్లింగులు దాటి పలికింది. 1921 నాటికి షిల్లింగు నాలుగు పెన్నీల దరిదాపులకు పడిపోయింది. ఇరవై షిల్లింగులు ఒక పౌండు, పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు అన్న లెక్కన చూస్తే, మొదటి రేటు ప్రకారం 5000 రూపాయలకు 500 పౌండ్లు వస్తాయి. రెండో రేటున 333 పౌండ్లు మాత్రమే. మనిషి ఒక్క పూట కూడా అదనంగా భోంచేయకుండానే అతని సొమ్ములో మూడో వంతు మాయమైపోతుంది. ఇంటి నుంచి రూపాయలు తెప్పించుకొనే ప్రతి భారతీయ విద్యార్థికీ ఆ ఏళ్ళు పరీక్షాకాలమే. 1921 సెప్టెంబరులో అంబేద్కర్ శాహూ మహారాజుకు లేఖ రాసి 200 పౌండ్లు కోరవలసి వచ్చింది. కోరినది దానం కాదు, అప్పు.

విశేషమేమంటే, ఆయన డాక్టర్ ఆఫ్ సైన్స్ పట్టానికి ఎంచుకొన్న విషయం ఈ రూపాయి సమస్యే. రూపాయి మారకపు విలువ ఎందుకు ఒడుదొడుకులకు లోనవుతున్నది, దాని వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం, ప్రభుత్వం చేతిలో నాణెపు విలువను ఎంతవరకు ఉంచవచ్చు అన్న ప్రశ్నలను ఆయన పరిశోధించారు. గ్రంథాలయంలోని నివేదికలు ఆయనకు ఆధారాలు. తన జేబు కూడా ఒక ఆధారమని ఆయన ఎక్కడా రాయలేదు. చదివే మనం మాత్రం అనుకోకుండా ఉండలేము.

ఇటు బొంబాయిలో రమాబాయి స్థితి ఇంకా కష్టం. ఐదుగురు బిడ్డలు పుడితే మిగిలినవాడు పెద్ద కుమారుడు యశ్వంత్ ఒక్కడే. తక్కినవారంతా పసితనంలోనే వేర్వేరు కాలాల్లో పోయారు. లండన్ నుంచి డబ్బు పంపగల స్థితి భర్తకు లేదు. జీవితచరిత్రలు లండన్ గదిలోని అప్పడాల గురించి చెప్పినంతగా పరేల్ గదిలోని వంటపాత్రల గురించి చెప్పవు. విదేశ విద్యకైన ఖర్చును లెక్కకట్టేటప్పుడు ఈ పద్దును కూడా రాసుకోవాలి. 1935లో ఆమె మరణించారు.

1921లో ఎం.ఎస్సి. పట్టం వచ్చింది. 1922 అక్టోబరులో రూపాయి సమస్యపై సిద్ధాంత వ్యాసం సమర్పించారు. మధ్యలో జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో కూడా చదవాలని కొంతకాలం ప్రయత్నించారు. 1923 మార్చిలో పరీక్షకులు వ్యాసాన్ని కొంత మార్చి రాయవలసిందని సూచించారు. అప్పటికి డబ్బు పూర్తిగా అయిపోయింది. మరికొన్ని నెలలు లండన్‌లో ఉండే శక్తి లేక ఏప్రిల్‌లో బొంబాయి చేరారు. అక్కడే కూర్చొని వ్యాసాన్ని సవరించి పంపారు. ఆ ఏడాది చివరలో డి.ఎస్సి. పట్టం ఖాయమైంది, గ్రంథం లండన్‌లోనే అచ్చయింది. ఇన్ని పట్టాలున్న బారిస్టరుకు బొంబాయి హైకోర్టులో పేరు నమోదు చేసుకోవడానికి కావలసిన రుసుము మాత్రం లేకపోయింది. ఆ పైకం ఇచ్చినవారు కూడా నావల్ భథేనాయే.

1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యులైనప్పుడు, షెడ్యూల్డు కులాల విద్యార్థుల విదేశ విద్యకు ప్రతి సంవత్సరం ప్రత్యేక నిధి కేటాయించాలని అంబేద్కర్ ప్రభుత్వానికి విజ్ఞాపన పత్రం సమర్పించారు. ఆయన కృషి ఫలితంగా కొందరు విద్యార్థులు ప్రభుత్వ వ్యయంతో ఇంగ్లండు వెళ్ళగలిగారు. ఒక మహారాజు దయ మీద, ఒక మిత్రుడి స్నేహం మీద ఆధారపడవలసిన అవసరం వారికి లేకపోయింది.

1952 జూన్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇవ్వడానికి ఆహ్వానించినప్పుడు ఆయన న్యూయార్క్‌కు విమానంలో వెళ్ళారు. మొదటిసారి ఓడలో ఆ నగరం చేరడానికి దాదాపు నెల పట్టింది. మరుసటి సంవత్సరం జనవరిలో హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయం గౌరవ పట్టంతో ఆయనను సత్కరించింది. 1956 డిసెంబరు 6న ఢిల్లీలో మరణించారు.

తెలంగాణ ప్రభుత్వం షెడ్యూల్డు కులాల, తెగల విద్యార్థుల విదేశ విద్యకు సహాయం చేసే పథకానికి ఆయన పేరే పెట్టింది. ఆ పథకం కింద 20 లక్షల రూపాయల వరకు సాయంతోపాటు ఒక వైపు విమాన ఛార్జీ, వీసా రుసుము కూడా లభిస్తాయి.